అద్దె ఇంటి మేనేజర్‌ను ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి?

ఇంటిని అద్దెకిచ్చి దాని బాగోగులను ప్రాపర్టీ మేనేజర్‌కు అప్పగించిన యజమానులకు, ఆ మేనేజర్‌ను మార్చాలన్న ఆలోచన సాధారణంగా రెండు సందర్భాల్లో వస్తుంది. ఏదో ఒక మరమ్మతు బిల్లు చూసి కోపం వచ్చినప్పుడు ఒకసారి, ఏళ్ల తరబడి సర్దుకుపోయి పరిస్థితి చేయి దాటిన తరువాత మరొకసారి. కోపంలో మార్చినవారు పని తెలిసిన మనిషిని పోగొట్టుకుంటారు. ఆలస్యంగా మార్చినవారు రావలసిన అద్దెను పోగొట్టుకుని, పాడైన ఇంటిని, సగం దొరకని కాగితాలను కొత్త మేనేజర్ చేతిలో పెడతారు. సరైన సమయంలో నిర్ణయం తీసుకోవాలంటే ఆధారాలు ముందు పెట్టుకోవాలి. అవి చాలావరకు యజమాని దగ్గరే, నెలవారీ లెక్కల్లోనూ పాత ఈమెయిళ్లలోనూ ఉంటాయి.

మొదట గత 12 నెలల్లో ఇంటి విషయంలో ఎదురైన ఇబ్బందులన్నింటినీ ఒక కాగితం మీద రాయండి. అద్దె ఆలస్యమైన నెలలు, నీటి లీకేజీలు, అద్దెదారు ఖాళీ చేయడం, పొరుగువారి ఫిర్యాదులు, ఏవైనా సరే. ప్రతి ఇబ్బందికీ ఎదురుగా అది మొదలైన తేదీ, మీకు తెలిసిన తేదీ, దాన్ని మీకు మొదట ఎవరు చెప్పారన్నది వేయండి. ఈ మూడింటిలో చివరిదే అన్నిటికన్నా ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ఇళ్ల నిర్వహణలో పొరపాట్లు జరగకుండా ఉండవు. ప్లంబర్ చెప్పిన రోజుకు రాకపోవచ్చు, నమ్మకస్తుడనుకున్న అద్దెదారు మూడో నెలలోనే బకాయి పడవచ్చు. అలాంటి సంగతిని మేనేజర్ తామే ముందుగా చెప్పి, తాము ఏం చేస్తున్నారో కూడా వివరించినట్లయితే వారిని మార్చడానికి తొందరపడనక్కరలేదు. అలా కాక, అద్దెదారు నోటి నుంచో, పొరుగువారి ఫోన్ ద్వారానో, బ్యాంకు ఖాతాలో పడని సొమ్మును బట్టో ప్రతిసారీ మీరే తెలుసుకోవలసి వస్తున్నట్లయితే, ఇల్లు ఎవరి పర్యవేక్షణలోనూ లేదనే అనుకోవాలి.

ముందు మీ వైపు చూసుకోండి

మేనేజర్ మీద నేరం మోపే ముందు అదే కాగితాన్ని మరో కోణం నుంచి చదవాలి. మరమ్మతుకు అనుమతి కోరుతూ వచ్చిన ఈమెయిల్‌కు మీరు పది రోజుల తరువాత జవాబిచ్చి ఉంటే, ఆ పది రోజుల ఆలస్యం మేనేజర్ ఖాతాలో వేయరాదు. పాత మోటారును మార్చాలని వారు చెప్పినప్పుడు మీరు అతుకులతో నెట్టుకురమ్మని ఉంటే, అది మళ్లీ ఆగిపోయినందుకు వారిని నిందించడం న్యాయం కాదు. అద్దెదారుతో మీరు నేరుగా మాట్లాడి మినహాయింపులు ఇచ్చి, ఆ సంగతి మేనేజర్‌కు చెప్పని సందర్భాలు ఉన్నాయేమో కూడా గుర్తు చేసుకోండి. ఇటువంటి అలవాట్లు మారకపోతే ఎంతమంది మేనేజర్లను మార్చినా ఫలితం అదే.

ఇల్లు ఖాళీగా ఉండిపోయినప్పుడు తప్పెవరిదో తేల్చడం ఇంకొంచెం కష్టం, అయినా దానికీ ఒక దారి ఉంది. ప్రకటన ఇచ్చిన నాటి నుంచి ఎంతమంది విచారించారు, వారిలో ఎంతమంది ఇల్లు చూశారు, చూసినవారిలో ఎంతమంది ముందుకు వచ్చారు అనే వివరాలను మేనేజర్‌ను అడగండి. చాలామంది చూసి కూడా ఎవరూ తీసుకోకపోతే, అద్దె ఎక్కువగా ఉందనో ఇంటి స్థితి బాగాలేదనో అర్థం, ఆ రెండూ చాలావరకు యజమాని చేతిలోనివే. అసలు విచారణలే రాకపోతే ప్రకటనను ఒకసారి కొత్తవారి కళ్లతో చూడండి. చీకటి గదుల ఫొటోలు, తప్పు వివరాలు, ఎత్తని ఫోన్ నంబరు ఉంటే అది మేనేజర్ లోపం. విచారణలు బాగా వచ్చి, ఇల్లు చూపించినవారి సంఖ్య మాత్రం చాలా తక్కువగా ఉంటే, వచ్చినవారికి జవాబు చెప్పే మనిషి లేడన్నమాట. ఈ వివరాలు అసలు తమ దగ్గర లేవని మేనేజర్ అంటే, ఆ జవాబును కూడా జాబితాలో రాసుకోండి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఏడాది అద్దెలో ఒక నెల అంటే సుమారు 8.3 శాతం, ఒక వారం అంటే సుమారు 1.9 శాతం. ఫీజు 2 శాతం తక్కువగా ఉందని ఎంచుకున్న మేనేజర్, అద్దెదారు మారిన ఏడాదిలో ఇంటిని మరొకరి కంటే ఒక వారం ఎక్కువ ఖాళీగా ఉంచితే ఆ మిగులు దాదాపు అంతా పోతుంది. రెండు వారాలయితే నష్టమే. కాబట్టి మరొకరు ఫీజు తక్కువ తీసుకుంటున్నారన్న ఒక్క కారణంతో మార్చడం నాకు సరైన ఆలోచనగా తోచదు. ఫీజు ఎంత అన్నదానికన్నా దాన్ని ఏ పద్ధతిలో చెల్లిస్తున్నారో గమనించడం మేలు. వసూలైన అద్దె మీద శాతం తీసుకునే మేనేజర్‌కు ఖాళీ నెల తన నష్టం కూడా అవుతుంది. నెలకింత అని స్థిరమైన ఫీజు తీసుకునేవారికి ఆ బాధ లేదు. కొత్త అద్దెదారును తెచ్చినప్పుడల్లా విడిగా పెద్ద మొత్తం తీసుకునే ఒప్పందంలోనైతే, అద్దెదారులు తరచూ మారడం వల్ల మేనేజర్‌కే లాభం. ఏటా అద్దెదారు మారుతున్న ఇంట్లో, గడువు ముగిసేందుకు 60 నుంచి 90 రోజుల ముందే పొడిగింపు గురించి మేనేజర్ వారితో మాట్లాడారో లేదో అడిగి తెలుసుకోవాలి.

లెక్కల్లో వెతకవలసినవి

నెలవారీ లెక్క వచ్చినప్పుడు చాలామంది చివరి మొత్తం చూసి పక్కన పెట్టేస్తారు. ఒక సాయంత్రం కూర్చుని ఏడాది లెక్కలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్క నెలలోనూ కనిపించని సంగతులు బయటపడతాయి. మొదట మీకు సొమ్ము అందిన తేదీలను వరుసగా రాయండి. మొదట్లో 5వ తేదీన వచ్చే సొమ్ము తరువాత 8కి, ఆ తరువాత 12కి, ఈ మధ్య 20కి జరుగుతూ వచ్చిందా? అద్దెదారు ఆలస్యం చేస్తున్నారని మేనేజర్ చెబితే, అద్దె వారికి ముట్టిన తేదీ చూపే రశీదు అడగండి. అద్దెదారు 2వ తేదీనే చెల్లించి మీకు 20న అందినట్లయితే, ఆ 18 రోజులు ఆ సొమ్ము ఎక్కడ ఉందన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు కావాలి.

యజమానుల సొమ్మును, అద్దెదారుల డిపాజిట్లను మేనేజర్ తమ సొంత ఖాతాలో కలపకుండా ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్నది ఈ వృత్తిలో ప్రాథమిక నియమం. చాలా చోట్ల చట్టమే ఆ విధంగా నిర్దేశిస్తుంది. ఈ నియమం తప్పినప్పుడు సాధారణంగా జరిగేది, ఒకరి అద్దెను మరొకరికి సర్దడం. ఇవాళ వచ్చిన మీ అద్దెతో నిన్నటి యజమాని బాకీ తీరుతుంది, మీది తీర్చడానికి రేపు వచ్చే ఇంకొకరి అద్దె కావాలి. తేదీలు మెల్లగా వెనక్కి జరగడం, కారణాలు ప్రతి నెలా మారడం ఇలాంటి పరిస్థితికి తొలి గుర్తులు. డిపాజిట్ ఏ ఖాతాలో ఉందో చూపమని అడిగినప్పుడు రేపు మాపు అంటూ నానుస్తున్నట్లయితే, హెచ్చరికలు, గడువులు అన్న మర్యాదలు పెట్టుకోకుండా వెంటనే న్యాయవాదిని సంప్రదించి ఒప్పందం రద్దు చేసుకునే ప్రయత్నం మొదలుపెట్టాలి. ఈ వ్యాసంలో మిగతా చోట్ల నేను చెబుతున్న ఓపిక ఈ ఒక్క విషయానికి వర్తించదు.

తరువాత బిల్లులు. మీ అనుమతి లేకుండా మేనేజర్ ఖర్చు చేయగల పరిమితి 5,000 అనుకుందాం. ఒకే వారంలో, ఒకే స్నానాల గదికి, 4,800, 4,900, 4,750 చొప్పున మూడు బిల్లులు వచ్చాయంటే, ఒకే పనిని మూడు ముక్కలు చేసి మిమ్మల్ని అడగకుండా దాటవేశారని అనుమానించవచ్చు. బిల్లుల మీది వరుస సంఖ్యలను కూడా చూడండి. ఒకే పనివాడి దగ్గర నుంచి జనవరిలో 41వ బిల్లు, ఏప్రిల్‌లో 42వది, జూలైలో 43వది వచ్చాయంటే, ఆరు నెలల్లో ఆ మనిషికి మీ ఇల్లు తప్ప వేరే పనే దొరకలేదని అర్థం చేసుకోవాలి, లేదా ఆ బిల్లు పుస్తకం వేరెవరి బల్ల మీదో ఉందనుకోవాలి. మరమ్మతు ఖర్చు మీద మేనేజర్ కొంత శాతం కలుపుకోవడం ఒప్పందంలో రాసి ఉంటే అది తప్పు కాదు. రాయకుండా కలుపుకుంటే మోసమే. పనిచేసినవారు ఇచ్చిన అసలు బిల్లు చూపమని అడగడానికి మొహమాటపడవద్దు.

ఇల్లు చెప్పే సాక్ష్యం

మేనేజర్ పంపే తనిఖీ నివేదికలో ప్రతి గది ఎదురుగా "బాగుంది" అని మాత్రమే ఉంటే, వారు లోపలికి వెళ్లారో లేదో తెలియదు. ఫొటోలను గత ఏడాది ఫొటోలతో పోల్చండి. గోడ మీద అదే పాత ఏడాది క్యాలెండర్, అదే చోట అదే చెప్పుల జత కనిపిస్తే సంగతి అర్థమవుతుంది. పొగను పసిగట్టి మోగే అలారం ఉన్న ఇళ్లలో, దాన్ని తయారైన తేదీ నుంచి 10 ఏళ్లకు మార్చాలన్నది సాధారణ నియమం. ఆ తేదీ పరికరం వెనుక ముద్రించి ఉంటుంది. నిజంగా తనిఖీ చేసే మేనేజర్ నివేదికలో ఆ తేదీ ఉంటుంది.

నీటికి సంబంధించిన ఫిర్యాదులను విడిగా చూడాలి, ఎందుకంటే ఆలస్యానికి అంత త్వరగా శిక్ష వేసేది ఇంట్లో మరొకటి లేదు. తడిసిన గోడను, చెక్కను 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెట్టకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. ఆ తరువాత అది కేవలం పైపు బాగుచేసే పనిగా మిగలదు, గచ్చు గీకడం, రంగు వేయడం, ఒక్కోసారి అద్దెదారును కొన్నాళ్లు వేరే చోట ఉంచడం దాకా పోతుంది. అద్దెదారు మొదట ఫిర్యాదు చేసిన సమయం, పనివాడు ఇంట్లో అడుగుపెట్టిన సమయం, ఈ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో ఫిర్యాదుల వారీగా లెక్కవేయండి. ఒకే కుళాయికి ఏడాదిలో మూడు బిల్లులు వచ్చినా అది గమనించవలసిన విషయమే, అక్కడ ఎవరో లోపాన్ని సరిచేయకుండా ప్రతిసారీ వాషర్ మార్చి వెళుతున్నారు.

వీలైతే అద్దెదారుకు ముందుగా తెలియజేసి, ఒకసారి మీరే ఇంటికి వెళ్లి చూడండి. అద్దెదారును మేనేజర్ ఎలాంటివారు అని అడగవద్దు, దాని వల్ల చాడీలు తప్ప మరేమీ రావు. చివరిసారి మీరు ఫిర్యాదు చేసినప్పుడు ఏం జరిగింది, ఆ సందేశాలు ఉన్నాయా అని అడగండి. ఖాళీ చేసి వెళ్లినవారితో మాట్లాడగలిగితే ఇంకా మంచిది, వారు ఎవరికీ భయపడవలసిన అవసరం లేదు. ఇంట్లోకి చెప్పకుండా రావడం, డిపాజిట్ నుంచి కారణం లేకుండా కోత పెట్టడం, అద్దెకు వచ్చినవారిని కులమో మతమో చూసి తిప్పి పంపడం వంటివి బయటపడితే, వాటిని మేనేజర్ సొంత వ్యవహారాలుగా తీసిపారేయవద్దు. మేనేజర్ మీ తరఫున పనిచేసే ప్రతినిధి కాబట్టి, వారు చేసిన చట్టవిరుద్ధమైన పనికి మీరు కూడా జవాబు చెప్పవలసి రావచ్చు.

హెచ్చరిక లేఖ, దానికి వచ్చే జవాబు

డబ్బు విషయంలో మోసం గాని, చట్టాన్ని ఉల్లంఘించిన పని గాని లేనప్పుడు, మార్చే ముందు ఒక అవకాశం ఇవ్వడం న్యాయం, పైగా తరువాత వివాదం వస్తే అది మీకు రక్షణ కూడా. ఆ అవకాశం ఫోన్‌లో చెప్పే మాటగా కాక రాతపూర్వకంగా ఉండాలి. "మీ సేవ సంతృప్తికరంగా లేదు" అని రాస్తే "ఇకపై చూసుకుంటాం" అన్న జవాబు వస్తుంది, దానితో ఎవరికీ ఉపయోగం లేదు. "మార్చి 3న అద్దెదారు వంటగది లీకేజీ గురించి ఫిర్యాదు చేశారు. ప్లంబర్ మార్చి 14న వచ్చారు. నాకు ఈ సంగతి మార్చి 20న అద్దెదారు ద్వారా తెలిసింది. ఇకపై నీటి ఫిర్యాదులకు 24 గంటల్లో మనిషిని పంపాలి, అదే రోజు నాకు ఈమెయిల్ చేయాలి. 30 రోజుల తరువాత మళ్లీ సమీక్షిస్తాను" అని రాస్తే, తప్పించుకోవడానికి చోటు ఉండదు. రెండు మూడు విషయాలకు మించి ఒకే లేఖలో పెట్టవద్దు.

వచ్చే జవాబును జాగ్రత్తగా చదవండి. తేదీలకు తేదీలతో జవాబిచ్చి, జరిగింది ఒప్పుకుని, ఏం మారుస్తారో చెప్పే మేనేజర్‌తో సాధారణంగా పని సాగుతుంది. అద్దెదారు మంచివారు కారు, పనివారు దొరకడం లేదు, అందరికీ ఇలాగే ఉంది అంటూ సాగే జవాబులో మీ ఇంటి ప్రస్తావనే ఉండదు. కొందరు మొదటి రెండు వారాలు ఉత్సాహంగా పనిచేసి మళ్లీ పాత పద్ధతికి వస్తారు, అందుకే 30 రోజులకు చూసినదాన్ని 90 రోజులకు మరొకసారి చూడాలి. పెద్ద సంస్థతో ఒప్పందం ఉన్నట్లయితే, ఇబ్బంది సంస్థతోనా, మీ ఇంటిని చూస్తున్న ఉద్యోగితోనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఒక్కొక్కరికి ఎన్ని ఇళ్లు అప్పగించారో అడిగి, అవసరమైతే వేరే మనిషిని కేటాయించమని కోరవచ్చు. సంస్థను మార్చడం కంటే ఇది చాలా తేలిక.

ఒప్పందం చదివిన తరువాతే నోటీసు

మార్చాలని నిశ్చయించుకున్నాక, ఆ మాట ఎవరితోనూ అనకముందే నిర్వహణ ఒప్పందాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. గడువు ఎప్పుడు ముగుస్తుంది, ముగిసిన తరువాత దానంతట అదే పొడిగింపు అవుతుందా, నోటీసు ఎన్ని రోజుల ముందు ఏ రూపంలో ఇవ్వాలి, కారణం లేకుండా రద్దు చేస్తే ఎంత చెల్లించాలి, కారణం చూపితే ఎంత అన్నవి అందులో ఉంటాయి. దానంతట అదే పొడిగింపు అయ్యే ఒప్పందాల్లో నోటీసు ఇచ్చే గడువు ఒక్క రోజు దాటినా మరో ఏడాది చిక్కుకుపోవచ్చు. మరొక నిబంధనను చాలామంది గమనించరు. తాము తెచ్చిన అద్దెదారు ఆ ఇంట్లో ఉన్నంత కాలం, ఒప్పందం రద్దయినా తమకు ఫీజు రావాలని కొందరు మేనేజర్లు రాసుకుంటారు. అది ఉంటే, ఆ మొత్తాన్ని కొత్త మేనేజర్ ఫీజుతో కలిపి లెక్కవేసుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి, కొన్నిసార్లు అద్దెదారు గడువు ముగిసేదాకా ఆగడమే లాభసాటి. మీరు ఇదివరకు పంపిన హెచ్చరిక లేఖలు కారణం చూపి రద్దు చేసుకోవడానికి ఆధారమవుతాయి.

అద్దెదారు ఖాళీ చేస్తున్న నెలలోనో, బకాయి కోసం నోటీసులు నడుస్తున్నప్పుడో మేనేజర్‌ను మారిస్తే రెండు చేతుల మధ్య పని జారిపోతుంది. ఇంట్లో అద్దెదారు స్థిరంగా ఉండి, ఆ నెల అద్దె వసూలై లెక్క తేలిన తరువాత, నెల మొదట్లో మార్పు అమలయ్యేలా తేదీ పెట్టుకోండి. కొత్త మేనేజర్‌తో ఒప్పందం కుదరకముందే పాతవారికి నోటీసు ఇవ్వవద్దు. కొత్తవారిని ఎంచుకునేటప్పుడు వారు యజమానులకు పంపే నెలవారీ లెక్క నమూనా ఒకటి చూపమనండి, మీ ఇంట్లో ఇటీవల జరిగిన ఒక ఇబ్బందిని చెప్పి మీరైతే ఏం చేసేవారని అడగండి. వారు చెప్పే జవాబులో యజమానికి సమాచారం ఇవ్వడం ఎన్నో మెట్టులో వస్తుందో గమనించండి.

అప్పగింతలో అడిగి తీసుకోవలసిన వాటిలో అద్దె ఒప్పందం అసలు ప్రతి, డిపాజిట్ సొమ్ము, దాని రశీదు, అద్దెదారు చెల్లింపుల పూర్తి పట్టీ, మరమ్మతుల కోసం వారి దగ్గర ఉంచిన నిల్వ సొమ్ము, వారంటీ కాగితాలు, అన్ని తాళం చెవులు ఉంటాయి. వీటన్నింటిలో ఎక్కువగా మాయమయ్యేది, తరువాత ఎక్కువగా బాధించేది, అద్దెదారు ఇంట్లో చేరిన రోజున రాసిన ఇంటి స్థితి నివేదిక, దానికి సంబంధించిన ఫొటోలు. అది లేకపోతే, మూడేళ్ల తరువాత అద్దెదారు ఖాళీ చేసేటప్పుడు పగిలిన సింక్ ముందే పగిలి ఉందా, ఆ తరువాత పగిలిందా అన్నది నిరూపించడానికి దారి ఉండదు, డిపాజిట్ నుంచి కోత పెట్టడమూ కష్టమవుతుంది. నోటీసు ఇచ్చాక సంబంధాలు చెడి, ఫైలు దొరకడం లేదన్న జవాబు రావడానికి అవకాశం ఉంది కాబట్టి, ఈ నివేదిక ప్రతిని నోటీసుకు ముందే ఏదో ఒక సందర్భం చూసి తెప్పించుకోండి. నివేదిక అసలు లేదని తేలితే, కొత్త మేనేజర్‌తో, అద్దెదారు సమక్షంలో, ఇప్పటి స్థితిని నమోదు చేయించి ఇద్దరి సంతకాలు తీసుకోవాలి.

మేనేజర్ మారినంత మాత్రాన సాధారణంగా అద్దెదారుతో ఉన్న ఒప్పందం రద్దు కాదు. ఆ మాట అద్దెదారుకు స్పష్టంగా చెప్పాలి. అద్దె ఇకపై ఏ ఖాతాకు, ఏ తేదీ నుంచి చెల్లించాలో, డిపాజిట్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియజేసే లేఖ మీ సంతకంతో, వీలైతే పాత మేనేజర్ సంతకంతో కూడా వెళ్లాలి. ఖాతా మారిందంటూ నకిలీ సందేశాలు పంపి అద్దె కాజేసే మోసాలు ఉన్నాయి కాబట్టి, ఆ లేఖ అందాక తమకు ఇదివరకే తెలిసిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్న తరువాతే సొమ్ము పంపమని అద్దెదారుకు చెప్పండి. ఇంటి బీమాలో పాత మేనేజర్ పేరు ఉంటే మార్పించాలి. ప్రకటనల సైట్లలో ఇంటి పేజీ ఎవరి ఖాతాలో ఉందో చూసి తీయించాలి. ఎన్ని జతల తాళం చెవులు బయట ఉన్నాయో పాతవారు చెప్పలేకపోతే, అద్దెదారుతో మాట్లాడి తాళాలు మార్పించడమే మంచిది.

పాత మేనేజర్ చివరి లెక్కను, కొత్త మేనేజర్ మొదటి లెక్కను పక్కపక్కన పెట్టి సరిచూడండి. చివరి లెక్కలో ముగింపు నిల్వగా చూపిన మొత్తం, డిపాజిట్, అద్దెదారు బకాయి కొత్త లెక్కలో ప్రారంభ అంకెలుగా అవే కనిపించాలి. పని పూర్తయినా బిల్లు ఇంకా రాని మరమ్మతులు ఏవైనా ఉన్నాయా అని పాతవారిని రాతపూర్వకంగా అడిగి, జవాబుకు గడువు తేదీ పెట్టండి. తేడా కనిపిస్తే ఆ వారంలోనే అడగాలి, ఆలస్యమైన కొద్దీ పాత మేనేజర్ దగ్గర నుంచి కాగితాలు రావడం కష్టమవుతుంది.